టాలెంట్ మాత్రమే చూస్తాం అనే ఆఫీసులో నిజంగా టాలెంట్‌ని చూడటం ఎలా

డిజైన్ స్టూడియో, యాడ్ ఏజెన్సీ, పెళ్లి వీడియోలు తీసే టీమ్, ఆర్కిటెక్ట్ ఆఫీసు, వీటిలో దేనిలో పనిచేసినా ఈ మాట మీరు వినే ఉంటారు: "మా దగ్గర ఆడా మగా తేడా ఏం లేదండీ, టాలెంట్ ఉంటే చాలు." నేను విశాఖలో పద్నాలుగేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, మొదట సిరిపురం దగ్గర ఒక ఏజెన్సీలో, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో తొమ్మిది మంది ఉన్న చిన్న టీమ్‌కి లీడ్‌గా. ఆ మాట చెప్పేవాళ్లలో ఎక్కువమంది అబద్ధం చెప్పరు, నిజంగానే అలా నమ్ముతారు. చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే అంత గట్టిగా నమ్మినవాళ్లు ఒక్కసారి కూడా లెక్క చూసుకోరు.

మా పాత ఆఫీసులో ఏం జరిగేదో చెప్తాను. నగల షాపులు, చీరల షాపులు, ప్లేస్కూళ్ల పనులు అమ్మాయిలకి వచ్చేవి. రియల్ ఎస్టేట్ వెంచర్లు, కార్ల షోరూమ్‌లు, ఫ్యాక్టరీల కార్పొరేట్ వీడియోలు అబ్బాయిలకి వెళ్లేవి. ఎవరూ కూర్చుని ఇలా పంచుదాం అనుకోలేదు. "చీరలంటే నీకు బాగా తెలుస్తుంది కదమ్మా", "సైట్ ఆనందపురం అవతల ఉంది, ఆ ఎండలో నీకెందుకులే", ఇలాంటి మాటలతోనే పంపకం అయిపోయేది, అవి దయతో అన్న మాటలే. కానీ భోగాపురం ఎయిర్‌పోర్ట్ వస్తుందన్న ఊపులో ఆ వైపు వెంచర్ల బడ్జెట్లు పెద్దవి, హైవే పొడుగునా హోర్డింగులు, డ్రోన్ షూట్లు, మందపాటి బ్రోచర్లు. ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ల దగ్గర "ఎవరి మీద ఎంత బిల్లింగ్ అయింది" అని చూసేవారు. అబ్బాయిల బిల్లింగ్ ఎక్కువ, కాబట్టి వాళ్ల జీతం ఎక్కువ పెరిగేది. కాగితం మీద చూస్తే అది నిఖార్సైన మెరిట్. నాలుగేళ్లు నేనూ అలాగే అనుకున్నాను, నా పనిలోనే ఏదో తక్కువుందని రాత్రిళ్లు కూర్చుని ట్యుటోరియల్స్ చూసేదాన్ని.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా, ఆఫీసులో కూడా ముందు చూడాల్సింది వడ్డన. ఎవరు ఎంత బాగా తిన్నారని కొలిచే ముందు ఎవరి విస్తట్లో ఏం పడిందో చూడాలి. కింద చెప్పేవన్నీ దాని కోసమే. ఆఫీసు మీదైతే వీటిని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. మీరు అందులో ఉద్యోగి మాత్రమే అయితే చివర్లో మీకోసం విడిగా రాశాను, కానీ మధ్యలోది కూడా చదవండి, ఏం అడగాలో తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు

"మెరిటోక్రసీ", అంటే అర్హతని బట్టే మనిషి పైకి రావాలనే పద్ధతి, ఆ మాటని జనంలోకి తెచ్చింది మైకేల్ యంగ్ అనే బ్రిటిష్ సోషియాలజిస్ట్, 1958లో. ఆయన దాన్ని ఆదర్శంగా చెప్పలేదు, హెచ్చరికగా రాశాడు. పైకొచ్చినవాళ్లు "మేం మా అర్హత వల్లే వచ్చాం" అని నమ్మడం మొదలుపెడితే కింద ఉన్నవాళ్లని చూసి జాలి కూడా పడరని ఆయన భయం. ఆ మాటని రాజకీయ నాయకులు పొగడ్తగా వాడుతున్నారని 2001లో ఆయనే బాధపడుతూ వ్యాసం రాశాడు.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. 2010లో కాస్టియా, బెనార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు మేనేజర్లుగా పనిచేసిన అనుభవం ఉన్న 445 మందితో మూడు ప్రయోగాలు చేశారు. ఉద్యోగుల పనితీరు చూసి బోనస్ పంచమన్నారు. కొందరికి "ఈ కంపెనీలో మెరిట్‌కే విలువ" అని ముందే గట్టిగా చెప్పారు, కొందరికి చెప్పలేదు. మెరిట్ అని చెప్పిన చోటే, పని ఒకేలా ఉన్నా మగవాళ్లకి ఎక్కువ బోనస్ వెళ్లింది. తాము న్యాయంగానే ఉన్నామని ధీమా కలిగిన మనిషి తన మీద తను నిఘా పెట్టుకోవడం మానేస్తాడు కాబట్టి ఇలా జరిగి ఉంటుందని వాళ్ల అంచనా. నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే గోడ మీద "టాలెంట్ ఫస్ట్" అని పోస్టర్ అంటించిన ఆఫీసులోనే నేను పనిచేశాను, ఆ పోస్టర్ డిజైన్ చేసింది కూడా నేనే.

1. పోయిన ఏడాది పనుల చిట్టా రాయండి

మీటింగ్ పెట్టకండి, ఉపన్యాసం ఇవ్వకండి, ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. గత పన్నెండు నెలల్లో చేసిన ప్రతి పనికీ ఒక వరుస. నిలువు గడుల్లో ఇవి రాయండి: క్లయింట్ ఏ రంగం, బడ్జెట్ సుమారుగా ఎంత, ఎవరికి ఇచ్చారు, ఎవరు నిర్ణయించారు, ఆ రోజు ఏ కారణం అనుకున్నారు, క్లయింట్ ముందు ఎవరు ప్రెజెంట్ చేశారు, చివరికి ఎవరి పేరు మీద వెళ్లింది.

"ఏ కారణం" అనే గడి నింపడం కష్టం, అయినా నింపండి. "ఆ టైమ్‌కి ఖాళీగా ఉన్నాడు", "ముందు కూడా ఇలాంటిది చేశాడు", "క్లయింట్‌కి తెలిసిన కుర్రాడు" అని వస్తాయి. ముఖ్యంగా "ముందు కూడా చేశాడు" అన్నది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి, ఎందుకంటే మొదటిసారి ఎవరికిచ్చారో ఆ తర్వాత పదిసార్లూ వాళ్లకే వెళ్తుంది, ఆ మొదటిసారి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

నేను లీడ్ అయ్యాక మొదటి ఏడాది చివర ఈ చిట్టా రాశాను. పాత ఆఫీసు మీద అంత కోపం పెట్టుకున్న నేనే, కైలాసగిరి మీద తెల్లవారుజామున చేయాల్సిన టూరిజం షూట్లన్నీ అబ్బాయిలకే ఇచ్చానని అప్పుడు కనిపించింది. అమ్మాయిలని అడగనైనా అడగలేదు. వాళ్ల ఇంట్లో ఒప్పుకోరేమో అని వాళ్ల తరఫున నేనే అనేసుకున్నాను. తర్వాత అడిగితే ఇద్దరూ వస్తామన్నారు, ఒకమ్మాయి వాళ్ల నాన్నని తోడు తెచ్చుకుని మరీ వచ్చింది, ఆ ఏడాది మా పోర్ట్‌ఫోలియోలో అన్నిటికంటే మంచి ఫొటో ఆ అమ్మాయి తీసిందే.

అడగకుండా తప్పించడం కూడా తప్పించడమే. కాబట్టి చిట్టాలో ఇంకో గడి పెట్టండి: ఇంకెవరిని అడిగాం?

2. పేర్లు చూడకముందే కొలబద్ద గీయండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే చేయగలను అనుకుంటే ఇది చేయండి.

2005లో ఉల్మన్, కోహెన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. పోలీస్ చీఫ్ ఉద్యోగానికి ఇద్దరు అభ్యర్థులు, ఒకరికి చదువు ఎక్కువ, ఇంకొకరికి వీధుల్లో తిరిగిన అనుభవం ఎక్కువ. మగ అభ్యర్థికి చదువు ఉందని చెప్పినప్పుడు జనం "ఈ ఉద్యోగానికి చదువు ముఖ్యం" అన్నారు. అదే చదువు ఆడ అభ్యర్థికి ఉంటే దానికి అంత విలువ ఇవ్వలేదు. అంటే మనిషిని ముందే ఎంచుకుని, ఆ మనిషికి సరిపోయేలా అర్హతని తర్వాత కుట్టుకున్నారు, తాము అలా చేస్తున్నామని వాళ్లకే తెలియదు. అభ్యర్థుల్ని చూడకముందే ఏది ముఖ్యమో రాసి ఒప్పుకోమన్నప్పుడు మాత్రం ఆ తేడా పోయింది.

మన ఆఫీసుల్లో ఇది రోజూ జరుగుతుంది. అబ్బాయి పోర్ట్‌ఫోలియోలో రెండు పనులే ఉండి బాగుంటే "క్వాలిటీ ముఖ్యం" అంటాం. అమ్మాయి పోర్ట్‌ఫోలియోలో రెండే ఉంటే "ఇంకాస్త అనుభవం కావాలి" అంటాం.

డిజైనర్ పోస్ట్‌కి నేను రాసుకునే కొలబద్ద ఇది, మీ పనికి తగ్గట్టు మార్చుకోండి. ఆలోచనకి 40 మార్కులు, అంటే బ్రీఫ్‌లో, క్లయింట్ ఏం కావాలో చెప్పిన కాగితంలో, ఉన్న సమస్యని పట్టుకున్నారా లేదా. అక్షరాల పనికి 25, ఇందులో తెలుగు తప్పనిసరి, వత్తులు కింది లైన్‌కి తగలకుండా జాగా వదిలారా, గుడులు పైనున్న బొమ్మలో కలిసిపోయాయా, ఇంగ్లీషు హెడ్డింగ్‌కి పెట్టిన కొలతే తెలుగుకీ పెట్టేసి ఇరికించారా. చెప్పిన మార్పుని ఎంత బాగా అర్థం చేసుకుని చేశారు అన్నదానికి 20. సమయానికి ఇవ్వడానికి 15. ఇద్దరు విడివిడిగా మార్కులు వేయాలి, వేసి కాగితం మడిచి పెట్టాక మాత్రమే మాట్లాడుకోవాలి. ముందు మాట్లాడుకుంటే సీనియర్ మాటే ఇద్దరి మార్కు అవుతుంది.

"క్రియేటివిటీకి మార్కులేంటండీ, చూస్తే తెలుస్తుంది" అని మీకు అనిపించవచ్చు. 2015లో ప్రౌడ్‌ఫుట్, కే, కోవాల్ అనే పరిశోధకులు దీన్నే పరీక్షించారు. ఒకే ఇంటి డిజైన్ చూపించి, కొందరికి గీసింది మగ ఆర్కిటెక్ట్ అని, కొందరికి ఆడ ఆర్కిటెక్ట్ అని చెప్పారు. మగ పేరుంటే అదే డిజైన్ ఎక్కువ క్రియేటివ్‌గా కనిపించింది. ఫ్యాషన్ డిజైన్ విషయానికి వచ్చేసరికి ఆ తేడా కనిపించలేదు. చీరలు అమ్మాయికి, వెంచర్లు అబ్బాయికి అని మా పాత ఆఫీసు పంచిన తీరు నాకు ఇక్కడ మళ్లీ కనిపించింది. చూస్తే తెలుస్తుంది అనుకున్న కంటికే పేరు అడ్డం పడుతోంది.

3. మొదటి రౌండ్‌లో పేరు మూసేయండి

అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాలు 1970, 80ల్లో తెర వెనక నుంచి వాయించి వినిపించే పద్ధతికి మారాయి. హీల్స్ చప్పుడు వినపడి ఆడమనిషని తెలిసిపోకుండా కొన్నిచోట్ల కింద కార్పెట్ కూడా వేశారు. అక్కడి అయిదు పెద్ద ఆర్కెస్ట్రాల్లో 1970లో ఆడవాళ్లు నూటికి 5 కన్నా తక్కువ, 1990ల చివరికి సుమారు 25. దీని మీద 2000లో పరిశోధన రాసినవారిలో ఒకరైన క్లాడియా గోల్డిన్‌కి 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ మార్పులో తెర వాటా ఎంత అన్నదాని మీద గణాంకాలు తెలిసినవాళ్లు తర్వాత గట్టి ప్రశ్నలే వేశారు, కాబట్టి తెర వేస్తే అన్నీ మారిపోతాయని నేను చెప్పను. ఖర్చు లేని పని, నష్టం లేని పని, అందుకే చేయమంటున్నాను.

చేసే విధానం చెప్తాను. దరఖాస్తులు మీ మెయిల్‌కి కాకుండా ఆఫీసు అకౌంట్స్ చూసేవాళ్ల మెయిల్‌కి రమ్మనండి. వాళ్లు ఫైళ్ల పేర్లు ఒకటి, రెండు, మూడు అని మార్చి, మొదటి పేజీలో ఫొటో, పేరు, ఊరు, కాలేజీ తీసేసి మీకు పంపాలి. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో రాసినవాళ్ల పేరు ఉండిపోతుంది, అది కూడా తుడవమనండి. బిహాన్స్ (డిజైనర్లు తమ పనులు పెట్టుకునే సైట్) లింకులు, ఇన్‌స్టా లింకులు మొదటి రౌండ్‌లో తెరవద్దు.

మనది చిన్న ఊరి లెక్కే. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్‌లో ఎవరు ఎలా గీస్తారో ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి తెలిసిపోతుంది, ఒక హోర్డింగ్ చూసి ఎవరి చేయో చెప్పేసేవాళ్లున్నారు. అందుకని పేరు మూయడం కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు బాగా పనిచేస్తుంది, సీనియర్ల విషయంలో అంతగా పనిచేయదు. అక్కడ రెండో మెట్టు మీదే ఆధారపడాలి.

4. ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు

పెళ్లెప్పుడు, అత్తారిల్లు గాజువాకా లేక హైదరాబాదా, మీ ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయితే ఏం చేస్తావు, ఇవేవీ అడగకండి. అవసరమైన విషయం సూటిగా చెప్పి అందరినీ అడగండి: "దసరా, సంక్రాంతి ముందు రెండు వారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా పని ఉంటుంది, ఇంటికి వెళ్లడానికి ఆఫీసే బండి పెడుతుంది, మీకు కుదురుతుందా?" అబ్బాయినీ అడగండి. ముసలి అమ్మని ఒక్కడే చూసుకునే కుర్రాడు ఒకడు నాకు ఆ ప్రశ్న వల్లే తన పరిస్థితి చెప్పాడు, లేకపోతే రెండు నెలలు దాచుకుని అవస్థ పడేవాడు.

5. ఐడియా ఎవరిదో అదే రోజు రాయండి

క్రియేటివ్ పనిలో దొంగతనం చాలావరకు కావాలని జరగదు. పొద్దున మీటింగ్‌లో ఒకమ్మాయి నెమ్మదిగా ఒక మాట అంటుంది, ఎవరూ పట్టించుకోరు, అది గదిలోనే ఎక్కడో తిరుగుతూ ఉంటుంది, సాయంత్రం ఇంకొకరి నోట్లోంచి గట్టిగా వస్తుంది. అన్నవాడికి అది తన ఆలోచనే అనిపిస్తుంది కూడా. తర్వాత నలుగురు అబ్బాయిలు ఆఫీసు అయ్యాక బీచ్ రోడ్‌లో మురీ మిక్చర్ తింటూ దాన్ని పూర్తి చేస్తారు. మర్నాడు పొద్దున వచ్చేసరికి క్యాంపెయిన్ ఖాయమైపోయి ఉంటుంది. ఆ అమ్మాయి ఏడింటికి మద్దిలపాలెంలో బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయింది కాబట్టి ఆ కథలో లేదు. బీచ్ దగ్గర కూర్చోవడం తప్పు కాదు, నాకూ చాలా ఇష్టం. నిర్ణయం అక్కడ జరగకూడదు, అంతే.

దీనికి మూడు పనులు చేయండి. బ్రీఫ్ చదివాక ఎవరూ మాట్లాడకుండా పది నిమిషాలు అందరూ తలా మూడు ఐడియాలు చీటీల మీద రాయాలి, పేరు లేకుండా గోడకి అంటించాలి, ఆ తర్వాతే నోళ్లు తెరవాలి. గట్టి గొంతుకి ఉండే లాభం సగం అక్కడే తగ్గిపోతుంది. రెండోది, జాబ్ షీట్‌లో "ఐడియా", "డిజైన్", "మాటలు", "షూట్" అని నాలుగు గడులు పెట్టి అదే రోజు పేర్లు రాయాలి, నెలాఖరున గుర్తు తెచ్చుకుని కాదు. మూడోది, ఆఫీసు బయట అనుకున్నది ఏదైనా మర్నాడు పదింటికి మళ్లీ అందరి ముందు పెట్టాలి, అక్కడ ఒప్పుకున్నాకే అది నిర్ణయం.

ఎవరి మాటైనా ఇంకొకరు మళ్లీ అంటే, మీరు పక్కనే ఉంటే, గొడవ పెట్టక్కర్లేదు. "అవును, పొద్దున ఆవిడ చెప్పింది ఇదే, దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్దాం" అంటే చాలు. ఈ మాట మగవాళ్లు అంటే ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆవిడే అంటే "క్రెడిట్ కోసం కొట్లాడుతుంది" అంటారు.

6. పిలుపు మార్చండి

ఇది ఏ పరిశోధనలోనూ చదవలేదు, మన తెలుగులోనే ఉంది. క్లయింట్ వస్తే ఎలా పరిచయం చేస్తారో ఒకసారి విని చూడండి. "ఈయన మా ఆర్ట్ డైరెక్టర్, ఆ హోటల్ పని అంతా ఈయనే చేశారు." తర్వాత, "ఈ అమ్మాయి కూడా మా దగ్గరే, బాగా వేస్తుంది." ఇద్దరి వయసూ ముప్ఫై రెండే, ఇద్దరి హోదా ఒకటే. తెలుగులో మర్యాద పెట్టకపోతే మగవాడికి కనీసం "వచ్చాడు" అని విడిగా ఒక క్రియ ఉంది, ఆడమనిషికి "వచ్చింది", బస్సుకీ అదే, కొరియర్‌కీ అదే. ఇంట్లో అక్కనీ చెల్లెల్నీ అలాగే అంటాం, అందులో ప్రేమే ఉంటుంది. ఆఫీసులో మాత్రం క్లయింట్ ఆ "వచ్చింది" విని, ఇక్కడ నిర్ణయం చెప్పేది ఎవరో, చెప్పిన మాట వినేది ఎవరో తేల్చేసుకుంటాడు. ఆ తర్వాత అతను ఆ అమ్మాయి కళ్లలోకి చూసి మాట్లాడడు, బడ్జెట్ ప్రశ్న అబ్బాయినే అడుగుతాడు.

పెద్ద మార్పేం అక్కర్లేదు. క్లయింట్ ముందు అందరికీ పేరు, హోదా, "గారు", "చేశారు". లోపల మీరు ఒకరినొకరు అక్కా, తమ్ముడూ, నువ్వూ అనుకోండి, కానీ ఆ చనువు ఇద్దరికీ ఒకేలా ఉండాలి. పని చేసినవాళ్లే ప్రెజెంట్ చేయాలన్న నియమం కూడా ఇక్కడే పెట్టేయండి.

7. ఎవరూ లెక్కపెట్టని పనులకి వంతులు వేయండి

మీటింగ్‌లో నోట్స్ రాయడం, బర్త్‌డే కేక్ తేవడం, కొత్త ఇంటర్న్‌కి నేర్పడం, చివరి నిమిషంలో తెలుగు ప్రూఫ్ చూడటం, బాకీ ఉన్న క్లయింట్‌కి ఫోన్ చేయడం. ఈ చివరిదానికి "నువ్వు అడిగితే కాదనరమ్మా" అంటారు, ఆ మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. వీటిలో ఏదీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోలేం, ఏదీ ఇంక్రిమెంట్‌లో కనిపించదు, కానీ రోజుకి గంటో గంటన్నరో తినేస్తుంది.

2017లో లిండా బాబ్‌కాక్, మరికొందరు చేసిన ప్రయోగాల్లో ఇలాంటి పనికి ఎవరు ముందుకొస్తారని చూస్తే, ఆడా మగా కలిసి ఉన్న గుంపుల్లో ఆడవాళ్లు 48 శాతం ఎక్కువగా ముందుకొచ్చారు. మగవాళ్లు మాత్రమే ఉన్న గుంపులో ఆ పని ఆగిపోలేదు, వాళ్లే చేశారు. ఆడవాళ్లకి ఆ పనంటే ఇష్టమని కాదు, వాళ్లు చేస్తారులే అని గదిలో అందరూ అనుకోవడం వల్ల.

అందుకని "ఎవరు చేస్తారు?" అని అడగకండి. వంతుల పట్టిక రాసి గోడకి అంటించండి, ఈ వారం ఎవరో, వచ్చే వారం ఎవరో.

8. రివ్యూ రాశాక పేరు మార్చి చదవండి

2014లో కీరన్ స్నైడర్ అనే ఆవిడ టెక్ ఉద్యోగుల నుంచి 248 పనితీరు రివ్యూలు సేకరించి చదివింది. మగవాళ్లకి వచ్చిన వాటిలో విమర్శ ఉన్న రివ్యూలు 83, అందులో స్వభావాన్ని తప్పుబట్టినవి 2. ఆడవాళ్లకి వచ్చిన వాటిలో విమర్శ ఉన్నవి 94, అందులో అలాంటివి 71. అది ఒకరు చేతికందిన కాగితాలతో చేసిన లెక్క, అయినా ఆ అంకెల ముందు కాసేపు ఆగాల్సి వస్తుంది.

మన దగ్గర ఆ మాటలు మనకి తెలిసినవే. అబ్బాయి క్లయింట్‌తో వాదిస్తే "క్లారిటీ ఉంది", అమ్మాయి వాదిస్తే "పొగరు". అబ్బాయి తన డిజైన్ మార్చనంటే "ప్యాషన్", అమ్మాయి మార్చనంటే "చెప్తే వినదు". మౌనంగా పనిచేసుకుంటే వాడు "డెప్త్ ఉన్న కుర్రాడు", ఆమె "యాక్టివ్‌గా ఉండదు". మీ రివ్యూ పూర్తయ్యాక ఆ అమ్మాయి పేరు చోట అబ్బాయి పేరు పెట్టి పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడిందో ఆ వాక్యం కొట్టేసి, దాని బదులు ఏ పనిలో, ఏ తేదీన, ఏం జరిగిందో రాయండి. రాయడానికి ఏమీ దొరకకపోతే ఆ విమర్శ ఉండక్కర్లేదు.

మెటర్నిటీ లీవ్ నుంచి వచ్చినవాళ్లకి పనిచేసిన నెలలతోనే పోల్చండి. చట్టం ఇచ్చిన 26 వారాలు సెలవు తీసుకున్నందుకు "ఈ ఏడాది అవుట్‌పుట్ తక్కువ" అని రాయడం అన్యాయం.

9. జీతం

ప్రతి హోదాకీ కింద గీత, పై గీత నిర్ణయించి రాసిపెట్టండి, మధ్యలో ఎక్కడ ఉండాలో రెండో మెట్టులోని మార్కులతో తేల్చండి. "ముందు ఆఫీసులో ఎంత వచ్చేది" అని అడిగి దాని మీద కొంత కలిపి ఇవ్వడం మానేయండి, అక్కడి అన్యాయాన్ని మీరు మోసుకొచ్చినట్టవుతుంది. ఒకే రకం పనికి ఆడామగా తేడాతో జీతం మార్చకూడదని 1976 నుంచే చట్టం ఉంది, అదే నియమం 2019 వేతనాల కోడ్‌లోకి వచ్చింది. పదిమంది లేని ఆఫీసు కదా, మాకు వర్తించదు అని ఎవరూ అనుకోవద్దు.

మీ చేతిలో అధికారం లేకపోతే

అప్పుడు మొదటి మెట్టు మాత్రం మీ సొంతం. మీ పనుల చిట్టా మీరే రాసుకోండి, ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా మీ దగ్గర, తేదీలతో. మీటింగ్‌లో ఐడియా చెప్పిన రోజే గ్రూప్‌లో నాలుగు లైన్లు పెట్టండి: "పొద్దున నేను చెప్పిన ఆలోచన ఇది, రఫ్ స్కెచ్ జత చేశాను, రేపటికి రెండు ఆప్షన్లు ఇస్తాను." ఫిర్యాదులా ఉండదు, పనిలా ఉంటుంది, రికార్డు కూడా మిగులుతుంది.

ఇంక్రిమెంట్ అడిగే ముందు పని అడగండి. "నాకు అవకాశాలు రావట్లేదు సర్" అంటే "అలా ఏం లేదే" అనే వస్తుంది. "వచ్చే నెల మొదలయ్యే ఆ వెంచర్ లాంచ్ నేను లీడ్ చేస్తాను, సైట్‌కి శనివారం వెళ్తాను, ఎవరు సపోర్ట్ కావాలో రాశాను" అంటే అవునో కాదో చెప్పక తప్పదు. కాదంటే ఎందుకో అడిగి, ఆ కారణం రాసుకోండి. ఆరు నెలల తర్వాత అవే కారణాలు తిరిగి తిరిగి వస్తుంటే ఆ ఆఫీసు గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే. ఒంటరిగా అడగడానికి టెన్షన్‌గా ఉంటే ఇద్దరు వెళ్లండి, మీతో పాటు ఉన్న అబ్బాయిల్లో ఒకరు వస్తే మరీ మంచిది.

వేధింపు వేరు, దాన్ని ఈ లెక్కల్లో కలపకండి. అసభ్యంగా మాట్లాడటం, తాకడం, పని ఇస్తానని ఇంకేదో ఆశించడం, వీటికి 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు ఆడమనిషే అయి ఉండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. పదిమంది లేని చోటైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇంటర్న్‌లకీ వర్తిస్తుంది. ఈ చట్టానికి ముందు 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు ఉండేవి, ఆ పేరు మన ఊరిది కాదు, రాజస్థాన్‌లో అత్యాచారానికి గురైన భన్వరీ దేవి అనే గ్రామ కార్యకర్త కోసం కోర్టుకి వెళ్లిన సంస్థ పేరు. మన ఊరి పేరు వినగానే ఆ మార్గదర్శకాలు గుర్తొస్తే మాత్రం మంచిదే.

"అయితే మాకు అన్యాయం కాదా?"

ఈ పద్ధతులు చెప్పినప్పుడల్లా టీమ్‌లో ఒక అబ్బాయైనా ఇలా అడుగుతాడు. కోప్పడకండి, సమాధానం చెప్పండి. ఇక్కడ అమ్మాయికి అదనంగా మార్కులేం వేయట్లేదు, కొలబద్ద ముందు గీసి అందరికీ అదే పెడుతున్నాం. దానివల్ల మా టీమ్‌లో మొదట బాగుపడింది ఒక అబ్బాయే. నర్సీపట్నం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చాడు, ఇంగ్లీషులో ప్రెజెంట్ చేయలేడు, బాస్‌తో కలిసి టీకి వెళ్లేంత చొరవ లేదు, ఏ పెద్ద కాలేజీ పేరూ లేదు. చీటీల మీద ఐడియాలు రాయడం మొదలుపెట్టాక గోడ మీద అందరూ వేలు పెట్టి చూపించిన చీటీలు వరుసగా మూడుసార్లు అతనివే వచ్చాయి. అంతకుముందు రెండేళ్లు అతనికి లేయర్లు కట్ చేసే పనే ఇచ్చారు. భాష, ఊరు, కులం, ఎవరి అబ్బాయి అన్నది, ఇవన్నీ కూడా "టాలెంట్" అనే మాట వెనక నిలబడతాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆషాఢం సేల్స్ నుంచి దీపావళి దాకా ఎవరికీ ఊపిరాడదు, అప్పుడు పెట్టుకోకండి. సంక్రాంతి హడావిడి అయిపోయాక, జనవరి చివర్లో చిట్టా రాయండి. ఫిబ్రవరిలో కొలబద్ద, వంతుల పట్టిక. మార్చిలో రివ్యూలు, అప్పుడు ఏప్రిల్ ఇంక్రిమెంట్లకి అది పనికొస్తుంది. జులైలో మళ్లీ చిట్టా తెరిచి పెద్ద బడ్జెట్ పనులు ఎవరెవరి పేరు మీద ఉన్నాయో చూడండి. ఏమీ మారకపోతే "ఎవరు నిర్ణయించారు" అన్న గడిలో ఎవరి పేరు ఎక్కువసార్లు ఉందో వెతకండి, ఆ మనిషితో షీట్ ముందు పెట్టుకుని గంటసేపు మాట్లాడండి. మా ఆఫీసులో ఆ గడి నిండా నా పేరే ఉంది, అందుకే ఇప్పుడు పనులు పంచేటప్పుడు నాతో పాటు ఇంకొకరు కూర్చుంటున్నారు, ప్రతి మూడు నెలలకీ ఆ రెండో మనిషి మారతారు.